మన చుట్టూ తిరిగే ప్రాణి



మా ఇంటి పిల్లి చాందినీకి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించిన మూడవ రోజు అది. మగ్రిబ్ నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి నా భార్య బీరువా ముందు నేల మీద కూర్చుని ఉంది. బీరువా కింది చీకటిలో రెండు కళ్ళు మెరుస్తున్నాయి.

“ఏమండీ, ఇది మన చాందినీ కాదు. చెయ్యి చాపితే బుసకొట్టింది. మూడేళ్ళుగా నా ఒళ్ళో పడుకున్న పిల్లి నన్ను చూసి భయపడుతోంది. మనం దానికి ఏదో అన్యాయం చేశాం” అంది.

లోపలి గదిలోంచి అమ్మీజాన్ గొంతు వినిపించింది. “నేను ముందే చెప్పాను కదా బేటా! దాని తల్లితనాన్ని కోసి పారేశారు. ఇక అది పిల్లిలా ఎలా ఉంటుంది?”

నేను జవాబు చెప్పలేకపోయాను. ధర్మశాస్త్రం ఈ శస్త్రచికిత్సను ఎప్పుడు అనుమతిస్తుందో నాకు తెలుసు. ఆ తరువాత ఆ ప్రాణిలో ఏమి మారుతుందో, ఏమి మారదో మాత్రం తెలియదు. ఆ రోజు మొదలుకొని డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నవి, ఎనిమిది నెలలుగా నా కళ్ళతో చూసినవి ఈ నెల మీ ముందు ఉంచుతున్నాను. పిల్లులను సాకే ముస్లిం కుటుంబాలు అనేకం. ఇదే భయం, ఇదే అపరాధభావం ఎన్నో ఇళ్ళలో ఉంటాయని నా అనుభవం.

ముందుగా, ఈ నిర్ణయానికి ఎందుకు వచ్చామో చెప్పాలి. అందులో నా తప్పు ఒకటి ఉంది. దానిని దాచి ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు.

చాందినీ ఒక వానాకాలం రాత్రి గుప్పెడంత పిల్లగా మా గుమ్మంలోకి వచ్చింది. దానికి ఆరు నెలలు నిండాయో లేదో, ఒక రాత్రి పసిబిడ్డ ఏడ్చినట్లు గొంతెత్తి అరవసాగింది. నేల మీద దొర్లడం, నడుము వంచి వెనుక భాగం పైకెత్తడం, తలుపు సందులను గీరడం, ఇదే వరస. కడుపునొప్పి అనుకుని అమ్మీజాన్ నీళ్ళ మీద దమ్ చేసి తాగించింది. అది జబ్బు కాదనీ, ఎదకు రావడమనీ మాకు తరువాత తెలిసింది. గండుపిల్లితో కలవకపోతే ఆ స్థితి సుమారు వారం రోజుల్లో తగ్గి, రెండు మూడు వారాలకు మళ్ళీ వస్తుంది. పగటి వెలుగు ఎక్కువగా ఉండే కాలమంతా ఇలా సాగుతుంది. మనలాంటి వేడి ప్రాంతాలలో పగటి నిడివి పెద్దగా తగ్గదు కనుక ఏడాదిలో చాలా నెలలు ఇదే పరిస్థితి.

కలిసిందా, దాదాపు తొమ్మిది వారాల్లో ఈనుతుంది. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ ఎదకు రావచ్చు. ఆ విధంగా రెండేళ్ళు తిరగకముందే చాందినీకి మూడు ఈతలు, పది పిల్లలు. మొదటి ఈత పిల్లలు ముగ్గురినీ మా విద్యార్థుల ఇళ్ళవారు సంతోషంగా తీసుకున్నారు. రెండవ ఈతలో నలుగురు పుట్టారు. వాటిని అడిగినవారు లేరు.

అప్పుడు నేను ఒక విద్యార్థిని పిలిచి, “వీటిని బుట్టలో పెట్టి మార్కెట్ వెనుక మాంసం దుకాణాల దగ్గర వదిలి రా. అక్కడ తిండికి లోటుండదు” అన్నాను. ఆ మాటతో నా మనస్సాక్షికి నేనే సర్దిచెప్పుకున్నాను. మరునాడు ఫజ్ర్ తరువాత అటువైపు వెళ్ళాను. రెండు పిల్లలు కనిపించలేదు. ఒకటి మురుగుకాలువ గట్టు మీద వణుకుతోంది. ఇంకొకటి రోడ్డు మీద బండి చక్రం కింద నలిగిపోయి ఉంది.

ఆ రోజు హదీసు తరగతిలో వచ్చిన పాఠం ఏమిటో తెలుసా? ఒక పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కునేలా వదలక చంపిన స్త్రీకి నరకశిక్ష పడిందని మహాప్రవక్త (స) హెచ్చరించిన హదీసు. పాఠం చెబుతూ చెబుతూ నా గొంతు పూడుకుపోయింది. మిగిలిన విద్యార్థులకు కారణం తెలియదు. బుట్ట మోసిన కుర్రవాడికి తెలుసు. అతడు తల వంచుకుని కూర్చున్నాడు. తరగతి అయ్యాక అతడిని పక్కకు పిలిచి, “ఆ పనికి అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసింది నేను, నువ్వు కాదు” అన్నాను. గట్టు మీది పిల్లను ఇంటికి తెచ్చుకున్నాం. అది నాలుగు రోజులు మాత్రమే బతికింది.

మూడవ ఈతలో పుట్టిన ముగ్గురిలో ఇద్దరిని తెలిసినవారికి ఇచ్చి, మోతీ అనే మగపిల్లను ఉంచుకున్నాం. ఇక నాలుగవ ఈత ఉండరాదని నిశ్చయించుకున్నాను.

అమ్మీజాన్ అభ్యంతరం చెప్పింది. అల్లాహ్ సృష్టిని మార్చడం షైతాను పని కదా అని ఆమె భయం. అది తోసిపారేయదగిన భయం కాదు కనుక గ్రంథాలు తెరిచాను. మానవుల విషయంలో ఇటువంటి పని హరామ్ అనడంలో పండితుల మధ్య భేదం లేదు. జంతువుల విషయంలో హనఫీ పండితులు ఒక షరతు పెట్టారు. ప్రయోజనం ఉన్నప్పుడు లేదా హానిని నివారించవలసి వచ్చినప్పుడు ఫరవాలేదు, నిష్కారణంగా చేస్తే నిషిద్ధం. పదిహేడవ శతాబ్దంలో ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలో పిల్లిని ప్రత్యేకంగా పేర్కొని మరీ ఈ షరతు చెప్పారు. ఖస్సీ చేసిన పొట్టేళ్ళను దైవప్రవక్త (స) ఖుర్బానీ ఇచ్చినట్లు ఇబ్నెమాజా హదీసు గ్రంథంలో ఉంది. బక్రీదుకు మనం ఖస్సీ మేకను వెతుక్కోవడం అందరికీ తెలిసినదే. నేటి ముఫ్తీలలో చాలామంది ఆడపిల్లికి కూడా ఇదే సూత్రాన్ని వర్తింపజేస్తున్నారు. షాఫయీ పండితుల అభిప్రాయం ఇంతకంటే కఠినం. ఆ మార్గాన్ని అనుసరించేవారు తమ పండితులను అడిగి నడుచుకోవడం మంచిది.

ఇక శస్త్రచికిత్స విషయం. మా పట్టణంలోని పశువైద్యశాల డాక్టరమ్మ ఓపికగా వివరించింది. మత్తు ఇచ్చి, పొట్ట మీద చిన్న కోత పెట్టి అండాశయాలను, గర్భకోశాన్ని తీసివేస్తారు. ఎదను పుట్టించే హార్మోన్లు అండాశయాల నుండి వస్తాయి కనుక అవి పోతే ఎద కూడా పోతుంది. గర్భకోశానికి చీము పట్టి ప్రాణం మీదికి వచ్చే జబ్బు ఇక రాదు. చిన్న వయసులోనే చేయిస్తే పొదుగు గడ్డల ప్రమాదం కూడా బాగా తగ్గుతుంది. “ఒక్క ఈతైనా ఈనాకే చేయించాలి అంటారు కదమ్మా?” అని అడిగాను. ఆ నమ్మకానికి ఆధారం లేదనీ, నాలుగైదు నెలల వయసులో, మొదటి ఎదకు ముందే చేయించడం మేలనీ చెప్పింది.

చాందినీని ఆసుపత్రికి తీసుకువెళ్ళిన రోజున బుట్ట మోసింది ఆ కుర్రవాడే. నేను పిలవలేదు, తానే వచ్చాడు.

మొదటి రాత్రి మత్తు పూర్తిగా వదలక చాందినీ తూలుతూ నడిచింది. ఇంట్లో వెలుతురు తగ్గించి, ఎత్తైన చోటుకు ఎక్కనీయకుండా నేల మీదనే పక్క వేయమని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ రాత్రి కొద్దిగానే తిన్నది. ఇదంతా సహజమేనని, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుందని మాకు తెలుసు. మూడవ రోజుకు కూడా సర్దుకోలేదు. అదే నేను మొదట చెప్పిన సాయంత్రం.

డాక్టరమ్మకు ఫోను చేశాను. తింటోందా, మూత్రం పోస్తోందా, గాయం ఎర్రగా వాచిందా అని ఒక్కొక్కటిగా అడిగింది. చివరికి, “నొప్పి మందు రోజూ ఇస్తున్నారా?” అంది. నేను భార్య వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. రెండవ రోజు మందు మింగించబోతే చాందినీ ఉమ్మివేసింది. మళ్ళీ ప్రయత్నించే ఓపిక లేక ఇద్దరం ఊరుకున్నాం. ప్రాణికి నొప్పిగా ఉంటే అది చీకటి మూలలో దాక్కుంటుంది. దగ్గరికి వచ్చిన చేతిని నమ్మదు. అది బలహీన స్థితిలో తనను కాపాడుకోవడానికి అల్లాహ్ ప్రతి ప్రాణిలోనూ పెట్టిన గుణం. అన్యాయం జరిగిన మాట నిజమే. అది శస్త్రచికిత్సలో లేదు, మా నిర్లక్ష్యంలో ఉంది.

ఆ రాత్రి ఉడికించిన చేప ముద్దలో మందు కలిపి బీరువా అంచున పెట్టి దూరంగా కూర్చున్నాం. ఇషా తరువాత తిన్నది. మరునాడు మధ్యాహ్నానికి బయటికి వచ్చి కిటికీ దగ్గర ఎండలో పడుకుంది. ఆ తరువాత మందు ఒక్కపూట కూడా తప్పలేదు. నాలుగు రోజులు గడిచేసరికి నా భార్య ఒళ్ళో తిరిగి చేరింది.

అప్పుడే ఇంకొక చిక్కు వచ్చింది. కన్నబిడ్డ మోతీ తల్లిని చూసి వీపు విరిచి బుసకొట్టాడు. అమ్మీజాన్ మళ్ళీ కంగారుపడింది. పిల్లులు ఒకదానినొకటి కంటికంటే వాసనతోనే ఎక్కువగా గుర్తిస్తాయి. ఆసుపత్రి మందుల వాసన పట్టిన తల్లి వాడికి పరాయిదానిలా తోచింది. డాక్టరమ్మ సలహా మీద రెండింటినీ వేరువేరు గదుల్లో ఉంచి, వాటి కింద పరిచిన గుడ్డలను అటు ఇటు మార్చాం. వారం తిరగకముందే ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

మొదటి రోజుల ప్రవర్తన మత్తు వల్ల, నొప్పి వల్ల, కొత్త వాసన వల్ల కలిగేది. అది తాత్కాలికం. అసలైన మార్పు ఆ తరువాత వారాలలో కనిపిస్తుంది. రక్తంలో మిగిలిన హార్మోన్లు క్రమంగా తగ్గేకొద్దీ రాత్రి అరుపులు ఆగిపోతాయి. నేల మీద దొర్లడం, తలుపులు గీరడం, వీధిలోకి పారిపోవాలన్న ఆరాటం ఉండవు. మా ఇంటి గోడ మీద తిరిగే గండుపిల్లి మరి కొద్ది రోజులు వచ్చి చూసి, ఆ తరువాత మానుకుంది. అంతవరకు చాందినీని మేము బయటికి వదలలేదు.

మారనివి ఏమిటో కూడా చూశాను. బల్లిని వేటాడడం మానలేదు. నేను ముసల్లా పరచగానే దాని మూల మీద వచ్చి కూర్చోవడం మానలేదు. మోతీని ముద్దు చేస్తే అలిగి ముఖం తిప్పుకోవడమూ మానలేదు. కొత్తవారు వస్తే మంచం కిందికి దూరే పిరికితనం అలాగే ఉంది. వేట, ఆట, మచ్చిక, అలక, ఇవన్నీ దాని స్వభావం, పెరిగిన తీరు. అవి గర్భకోశంతో పోయేవి కావు. మెత్తని పిల్లి మెత్తగానే ఉంటుంది, గీరే పిల్లి గీరుతూనే ఉంటుంది. ఎద వల్ల కలిగే అశాంతి పోతుంది కనుక మునుపటికంటే నెమ్మదిగా కనిపించవచ్చు, అంతే.

అమ్మీజాన్ అడిగిన తల్లితనం మాట? ఇంత పెద్దవాడైన మోతీ తలను పట్టి ఇప్పటికీ రోజూ నాకుతుంది. అమ్మీజాన్ అది చూసి ఏమీ అనలేదు. కానీ తన మంచం కాళ్ళ దగ్గర దాని కోసం పాత శాలువా మడిచి పెట్టింది.

పాఠకులారా, ఇప్పుడు మనం శ్రద్ధ పెట్టవలసిన మార్పు ఒకటి చెబుతాను. శస్త్రచికిత్స తరువాత పిల్లి శరీరానికి కావలసిన శక్తి తగ్గుతుంది, సుమారు పావు వంతు వరకు. అదే సమయంలో ఆకలి మాత్రం పెరుగుతుంది. దానికి ఈ లెక్క తెలియదు, తెలుసుకోవలసింది మనమే. మేము తెలుసుకోలేదు. అంతలో రంజాన్ వచ్చింది. సహరీలో మిగిలినది, ఇఫ్తార్‌లో మిగిలినది అంతా దాని కంచంలోకే. పండుగ అయ్యాక తూకం వేస్తే, శస్త్రచికిత్స నాడు మూడు కిలోలున్న చాందినీ నాలుగు కిలోలు దాటింది. “ఆపరేషన్ వల్ల లావైపోయింది” అన్నాను. డాక్టరమ్మ నవ్వి, “కంచం వల్ల” అంది.

ఇప్పుడు మేము పాటిస్తున్న పద్ధతి ఇది. కంచం రోజంతా నింపి ఉంచము. కొలిచిన తిండిని రెండు మూడు పూటలుగా పెడతాము. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం వంటివి కనుక కూర ముక్క, బిర్యానీ ముద్ద పెట్టము. ఉడికిన ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి కనుక అవి కూడా లేవు. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. మంచినీళ్ళే మేలు. రోజూ సాయంత్రం మా మనవరాలు కాగితం ఉండ విసిరి దానిని పరుగెత్తిస్తుంది. వేళ్ళతో తడిమితే పక్కటెముకలు తెలియాలి, అదే సరైన ఒళ్ళు అని డాక్టరమ్మ చెప్పిన గుర్తు. దారం, ఉన్నితో ఆడించేవారు ఆట అయ్యాక దానిని దాచిపెట్టండి. మింగితే పేగులు కోసుకుపోతాయి.

కోత మానే వరకు, అంటే పది నుండి పద్నాలుగు రోజులు, గాయాన్ని నాకకుండా మెడకు గరాటు వంటి పట్టీ ఉంచాలి. స్నానం చేయించకూడదు. పసుపు, నూనె, ఇంట్లో నేల తుడిచే మందులు గాయం మీద వేయకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. మనం జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు వేసుకునే పారాసిటమాల్ మాత్రను పిల్లికి ఎన్నడూ ఇవ్వకండి. అర ముక్క అయినా దాని ప్రాణం తీయగలదు. జాలితో ఇచ్చిన మాత్ర వల్ల చచ్చిపోయిన పిల్లులున్నాయి. ఒక రోజుకు మించి ఏమీ తినకపోయినా, పదేపదే వాంతి చేసుకున్నా, మూత్రం పోయకపోయినా, గాయం నుండి రక్తం లేదా చీము కారినా, ఊపిరి తీయడం కష్టమైనా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. నెలలు గడిచాక మళ్ళీ ఎద లక్షణాలు కనిపిస్తే అండాశయపు ముక్క ఏదైనా లోపల మిగిలి ఉండవచ్చు. అప్పుడు కూడా చూపించాలి.

మోతీకి ఆరు నెలలు నిండగానే వాడికీ చేయించాం. మగపిల్లికి ఇది మరింత చిన్న పని. గోడల మీద మూత్రం చిమ్మడం, రాత్రుళ్ళు వీధి తిరగడం, పోట్లాడి చెవులు చింపుకుని రావడం చాలా పిల్లుల్లో తగ్గిపోతాయి. అలవాటు ముదిరిన తరువాత చేయిస్తే కొన్నింటిలో కొంత మిగిలిపోతుంది. శస్త్రచికిత్స తరువాత కూడా కొన్ని వారాలపాటు మగపిల్లి వల్ల గర్భం నిలిచే అవకాశం ఉంటుంది. అందువల్ల అంతవరకు ఆడపిల్లులకు దూరంగా ఉంచాలి.

చివరిగా ఒక మాట. దైవప్రవక్త (స) సహచరులు అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకోబోతుండగా ఒక పిల్లి వచ్చిందట. అది తాగడానికి వీలుగా ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధమైనది కాదనీ, అది మీ చుట్టూ తిరుగాడే వాటిలోనిదనీ దైవప్రవక్త (స) చెప్పారని ఆమెకు తెలియజేశారు. ఈ హదీసును తరగతిలో చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ ఆ ‘తిరుగాడే’ అన్న పదం దగ్గర ఆగుతాను. నూర్ సూరాలో ఇంట్లో ఒకరి చుట్టూ ఒకరు మసలే మనుషుల గురించి వచ్చిన పదానికీ దీనికీ మూలం ఒక్కటే. ఇంట్లో మసలే పిల్లికి ఆ గౌరవం దక్కింది.

ఆ మూడు రోజులు చాందినీ తిరగడం మానేసింది. ఇల్లంతా ఏదో వెలితిగా అనిపించడానికి కారణం అదేనని నాకు తరువాత తోచింది. శస్త్రచికిత్స చేయించడంతో మన బాధ్యత తీరిపోదు. వేళకు మందు వేయడం, కొలిచి తిండి పెట్టడం, దాని భయాన్ని ఓపికతో భరించడం ఆ తరువాత మొదలవుతాయి. ఎనిమిది నెలల క్రితం దాని సంతానాన్ని మన చేతులతో ఆపాం. ఇక దాని ఆరోగ్యానికి పూచీ మనదే.

ఈ వాక్యాలు రాస్తుండగా అది వచ్చి కాగితం మీద తోక ఆడిస్తూ నా మోచేతి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. దానిని పక్కకు జరిపాను, మళ్ళీ వచ్చింది. మురుగుకాలువ గట్టు మీద వణికిన ఆ చిన్న ప్రాణి విషయంలో అల్లాహ్ నన్ను క్షమించుగాక. మన చుట్టూ తిరిగే ప్రతి ప్రాణి పట్ల మన కర్తవ్యాన్ని నెరవేర్చే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.